మజూరి లేని నగలు

పట్టణములోని ఏ పెద్ద నగల అంగడికేగి ఒక జత జుంకీలు కొన్నను, చేతికిచ్చు చీటిలో బంగారపు తూకము, నాటి ధర, తరుగు, మజూరి అని వరుసగా పద్దులు కనబడును. కొనుగోలుదారు తరుగు దగ్గర గొణుగును, మజూరి దగ్గర బేరమాడును. కాని ఆ పద్దులు అసలే ఉండరాదని మాత్రము ఎన్నడును అనడు. లోహము వేరు, దానిని నగగా మార్చిన చేయి వేరు, ఆ చేతికి కూలి ముట్టవలెనను న్యాయము మనవారికి తరతరాలుగా తెలిసినదే. అయితే ఇంటిపట్టున కూర్చుండి పూసలు గుచ్చియో, గాజులకు పట్టుదారము చుట్టియో, మట్టి లోలాకులు కాల్చియో అమ్ముకొను స్త్రీ వ్రాసికొను చీటిలో ఈ పద్దు లేదు. పూసలకింత, దారమునకింత, డబ్బాకింత అని కూడి, ఆపైన ఒక పాతికయో యాబదియో వేసి, ఆ పైవేసినదానిని ఆమె లాభమనును. అది లాభము కాదు, కూలిలో ఒక తునక మాత్రమే అని చెప్పువారు ఆమెకు ఇంటను లేరు, బయటను లేరు. ఈ పనిని గూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాతలు రెండు తెరగులు: తీరిక వేళలలో వేలు గడింపవచ్చునని ఊరించునవి కొన్ని, అంతరించుచున్న కళ అని కంట తడి పెట్టునవి కొన్ని. ఆ రెండింటి జోలికిని పోక, ఆ లేని పద్దునే పట్టుకొని ఈ విషయమునంతటిని ఒకమారు కలయజూడవలెనని నా ఉద్దేశము.

తెలుగునాట నగ చేయుట ఒక్క కులము పనియు, ఒక్క రకపు పనియు ఎన్నడును కాలేదు. బంగారము, వెండి కంసాలులవి. గాజులు మలారముగా కట్టి భుజాన వేసికొని వీధివీధి తిరిగి, అరుగుమీద కూర్చుండి, ముత్తైదువుల చేతులు నొప్పింపకుండ తొడిగి వెళ్లెడివారు గాజులవారు. పూసలు, సూదులు, దువ్వెనలు బుట్టలో పెట్టుకొని ఊళ్లు తిరిగెడివారు పూసలవారు. మెడలోని నల్లపూసలకు మంగళసూత్రముతో సాటివచ్చు పవిత్రత ఉన్న దేశములో, ఆ పూసను చేసిన కొలిమి ఎచ్చట ఉన్నదని అడిగినవారు మాత్రము తక్కువ. శ్రీకాళహస్తికి చేరువనున్న పాపానాయుడుపేటలో గాజుముద్దను కొలిమిలో కరగించి, సన్నని గొట్టముగా సాగదీసి, దానిని ముక్కలుగా తరిగి, ఆ ముక్కల అంచుల పదును పోవువరకు బూడిదతో కలిపి మరల వేడిచేసి పూసలు చేసెడివారు. రెండువేల సంవత్సరములకు పూర్వమే దక్షిణ భారతమునుండి ఆగ్నేయాసియా తీరములకు ఓడలలో పోయిన చిన్న గాజుపూసలును ఈ పద్ధతిలో చేసినవే అని, పూసల చరిత్రకే జీవితమును వెచ్చించిన అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరికి వచ్చి చూచి వ్రాసెను. కొలిమి ముందు నిలుచువాడు మగవాడు, వానికి పనివాడని పేరు. పూసలను రంగురంగులుగా ఏరి పేరులుగా గుచ్చు పని ఎచ్చటనైనను సాధారణముగా ఆడవారిది. దానికి పేరు లేదు, ఇంటిపనిలో ఒక భాగమని లెక్క.

ఈ లెక్కయే హైదరాబాదు లాడ్ బజారులో మరింత స్పష్టముగా కనబడును. చార్మినారు ప్రక్కనున్న ఆ వీధిలో లక్క గాజులు దీపాల వెలుగున తళుకులీనుచుండగా కొనువారికి కనబడునది అంగడి మాత్రమే. లక్కను నిప్పుసెగపై మెత్తపరచి, కడ్డీగా సాగదీసి, వలయముగా చుట్టి, లక్క ఇంకను వెచ్చగా ఉండగానే రాళ్లను, అద్దపు తునకలను ఒక్కొక్కటిగా దానిలో ఒత్తవలెను. చల్లారిన లక్కలో రాయి కూర్చుండదు. మరీ వేడిలో పెట్టినచో లోనికి దిగబడి మెరుపు మాయును. ఆ రెంటికి నడుమనున్న కొద్దిపాటి వ్యవధి వ్రేళ్లకు తెలియవలెను. ఈ రాళ్లు పొదుగు పని చాలవరకు పాతబస్తీ సందులలో, ఇండ్లలో, స్త్రీల చేత డజను లెక్కన జరుగును. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందే కరీంనగరపు వెండి తీగపనికి 2007లో, ఆదిలాబాదు డోక్రా లోహపు పనికి 2018లో ఆ గౌరవము దక్కినది. ఇది మేలే, అయితే గుర్తింపు ఊరికి వచ్చును, సరకుకు వచ్చును, డజను గాజులకు రాళ్లు పొదిగిన చేతికి మాత్రము ఆ పత్రము వచ్చినదని తెలియుటకే నెలలు పట్టును.

బందరు ప్రక్కనున్న చిలకలపూడి కథ వేరొక దారిలో సాగి అచ్చటికే చేరును. చిలకలపూడి బంగారమన్న మాట మన నుడికారములో ఎగతాళిగా మొదలైనను, పేదింటి పెండ్లికూతురి మెడను బోసిగా ఉండనీయని సరకు అదియే. రాగి, ఇత్తడి రేకులను తీగలను అచ్చులలో వేసి, అతికి, మెరుగుపెట్టి, పైన బంగారపు పూత పూసి పంపు ఈ పని ఒక్క చోట ఒక్కరు చేయునది కాదు. ఒకరింట తీగ చుట్టుదురు, వేరొకరింట అతుకు వేయుదురు, మరియొకరింట రాళ్లంటింతురు. 1963 జనవరిలో కేంద్రప్రభుత్వము బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి, పదునాలుగు క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదని శాసించినపుడు దేశములోని కంసాలుల కొలుములు చల్లారినవి. 1968 నాటి చట్టము 1990లో రద్దగువరకు ఆ వృత్తి పూర్తిగా తేరుకొనలేదు. ఆనాటి శాసనము పోయినను, అది చేయదలచిన పనిని నేడు ధరయే చేయుచున్నది. మధ్యతరగతి గృహిణి బంగారమును పెట్టెలో దాచి, పూత నగను ఒంటికి పెట్టుకొనుట అలవరచుకొన్నది. దొంగల భయము ఒక కారణము, ధర ఒక కారణము. నా దృష్టిలో వీటిని మించినది చీర. బంగారమునకు ఒకే రంగు. చిలకపచ్చ చీరకు చిలకపచ్చ గాజు, నేరేడు రంగు అంచుకు నేరేడు రంగు లోలాకు కావలెనన్న కోరిక, 'మ్యాచింగు' అను మాటతో మన ఇండ్లలో స్థిరపడిన నాడు, కంసాలికి సాధ్యము కాని ఆ పనికి ఇంటిలోని ఆడపిల్ల పూనుకొన్నది. నేడు మన ఎరుకలోనున్న ఇంటి నగల వ్యాపారమంతయు ఈ ఒక్క మాటనుండి మొలకెత్తినదే.

నగ కాకపోయినను ఇచ్చట నరసాపురపు లేసును తలపకుండుట సాధ్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు గోదావరి తీరమున నేర్పిన ఆ అల్లికపనిని గూర్చి మారియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. లక్షలాది రూపాయల విదేశీ వ్యాపారమునకు మూలమైన ఆ స్త్రీలను వ్యాపారులును, ఇంటివారును, చివరకు ఆ స్త్రీలును కూడ, తీరిక వేళలలో ఏదో అల్లుకొను గృహిణులుగానే భావించుచుండిరనియు, ఆ భావనయే కూలిని అంత తక్కువకు అణచిపెట్టినదనియు ఆమె చూపెను. ఇది చదివిన నాటినుండి 'తీరిక' అను మాట విన్నప్పుడెల్ల నాకు ఒక అనుమానము. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీలు దానికి దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేలినది. సుమారు ఐదు గంటల చాకిరి తరువాత మిగిలినదానిని తీరిక అనుట ఎవరి వాడుక? ఆ మిగిలిన గంటలోనే కదా పూసలు గుచ్చవలసినది!

లాడ్ బజారు సందులోని స్త్రీకిని, అపార్టుమెంటు బాల్కనీలో కూర్చుండి గాజులకు దారము చుట్టు స్త్రీకిని ఒక భేదము ఉన్నమాట నిజము. మొదటిది పీసు లెక్కన కూలి; సరకు ఒకరిది, ధర ఒకరిది, చేయి మాత్రమే తనది. రెండవది తన పెట్టుబడి, తన ఊహ, తన బేరము. మొదటి ఆమెకు మజూరి కలదు, అది బహు స్వల్పము. రెండవ ఆమెకు మజూరి అను ఊహయే లేదు. ఎవరి స్థితి మేలని అడిగినచో వెంటనే జవాబు చెప్పజాలను. పీసు లెక్కలోని అన్యాయమును కనీసము అంకెలో చూపవచ్చును.

బెజవాడలో నా మేనకోడలు ఈ రెండవ రకపు పని చేయుచున్నది. మొన్న ఆషాఢములో వారింట రెండు దినములుండి, గడియారము ముందు పెట్టుకొని చూచితిని. వన్‌టౌనులో తెచ్చిన ప్లాస్టిక్ వలయములు, రెండు-ఆరు కొలతవి. అనగా లోపలి అడ్డుకొలత రెండు అంగుళములపై పదునారింట ఆరు పాళ్లు. గాజులవారి ఈ కొలతను చదువుకొన్నవారు దశాంశమనుకొని పొరబడుదురు. పట్టుదారమని పేరే గాని అది చాలవరకు కృత్రిమమైన రేయాను. మెరుపు మాత్రము పట్టును మించినది. పిల్లవాని పరీక్ష అట్టకు దారమును ముప్పదిసార్లు చుట్టి, ఒకవైపు కత్తిరించి, ఆ పోగులన్నిటిని దువ్వెనతో చిక్కుదీసి పట్టెడలాగున పరచినది. వలయము లోపలి వైపున బొట్టంత జిగురు అంటించి, పోగుల కొస నొక్కి, పట్టెడ మెలిపడకుండ, ప్రతి చుట్టు ముందరి చుట్టు అంచును కప్పునట్లు చుట్టవలెను. ఒక్క పోగు మడతపడినను వెలుతురులో గీతవలె కనబడును. నడుమ కుక్కరు కూసినది. లేచి వెళ్లి వచ్చి, చేయి కడిగికొని, తుడిచికొని, వ్రేళ్లను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచినది. ఎందుకని అడిగితిని.

"పసుపు, మామయ్యా. కంటికి కనబడదు. తెల్ల దారానికి అంటిందంటే ఇక ఆ గాజు నాకే."

ఆమె చేతికి అప్పుడున్న గాజులన్నియు ఏదో ఒకచోట పసుపు మరక పడినవే. చుట్టుట ముగిసిన గాజులను జిగురు ఆరుటకు అప్పడాల కర్రకు దూర్చి, రెండు డబ్బాల నడుమ ఆనించినది. రాత్రి చపాతీలు చేయుటకు అత్తగారు సీసాతో ఒత్తుకొనిరి. మరునాడు చిన్న పటకారుతో కుందను రాళ్లంటించుట. రాయి వరుస తప్పకుండుటకు ఆమె ఏ కొలబద్దను వాడదు. ఎదురెదురుగా నాలుగు రాళ్లు పెట్టి, ఆ నడుమలను సగము చేసికొనుచు పోవును.

ఇట్లు రెండు వెడల్పు గాజులు, నాలుగు సన్నగాజులు కలసిన ఒక జతకట్టుకు పట్టిన కాలము 4 గంటల 20 నిమిషములు. సామాను ఖర్చు డబ్బాతో కూడ 110 రూపాయలు. అమ్మిన ధర 250. గంటకు 32 రూపాయలు పడినదన్నమాట. నేనీ లెక్క చెప్పినపుడు ఆమె నవ్వి, టీవీ చూచుచు చుట్టితిని కదా అన్నది. నేను చూచుచుండగా ఆ టీవీ మూసియే ఉన్నది.

పైగా ఆ 4 గంటల 20 నిమిషములలో అమ్మకపు పని చేరలేదు. చేయుటకంటె అమ్ముట పెద్ద పని అను సంగతి ఈ వృత్తిలో దిగినవారికి మూడవ నెలలో తెలియును. కిటికీ దగ్గర తెల్లకాగితముపై పెట్టి ఫోటో తీయవలెను. ఫోనులో నెమలికంఠపు రంగు నీలమై, మెరూను ఎరుపై కూర్చుండును. వాట్సాపులో పెట్టినది మొదలు, కొలత ఎంత, రంగు అదియేనా, చీర ఫోటో పంపెదను చూడుడు, రాయి ఊడదు కదా, లాస్టు రేటెంత అని ప్రశ్నలు వచ్చుచుండును. ఒకరోజు నేను లెక్కపెట్టగా ఒక్క జత గాజులకు అటునిటు ఇరువదిరెండు సందేశములు నడచి, చివరకు "మావారినడిగి చెబుతా" అన్నదానితో ఆగిపోయినవి. కొరియరు చేయవలెను, చేతికి పట్టలేదని తిరిగివచ్చినచో పోనురాను ఖర్చు తానే భరింపవలెను.

వీటన్నిటికంటె కఠినమైనది బంధువులకు అమ్ముట. ఇంటి నగల వ్యాపారమునకు మొదటి కొనుగోలుదారులు పిన్నులు, వదినెలు, తోటికోడండ్రు, అపార్టుమెంటులోని ఆంటీలు. మొదటి బాకీదారులును వారే. "నువ్వు చేసినవే కదే, నాకూ ఒక జత ఇయ్యి" అన్న వదినెగారిని ధర అడుగుట మన మర్యాదలో లేదు. అడిగినచో డబ్బు మనిషి అందురు, అడుగనిచో తొడిగికొని పదిమందికి చూపి, "మా ఆడపడుచు ఊరకే ఇస్తుంది" అని ప్రచారము చేయుదురు. అంగడివానితో గీచి గీచి బేరమాడి కొన్న వస్తువునకు డబ్బు లెక్కించి ఇచ్చు మనము, మనవారి చేతి వస్తువును ప్రేమతో కొలిచి, ఆ ప్రేమనే వెలగా చెల్లించి ఊరకుందుము. వరలక్ష్మీవ్రతము ముందు, మాఘ ఫాల్గుణముల పెండ్లిండ్ల ముందు పని ముమ్మరమైనపుడు ఈ ఇబ్బంది మరింత హెచ్చును. ఏలయన గిరాకి హెచ్చిన ఆ పదునైదు దినములలోనే ఇంట పిండివంటలును, చుట్టములును హెచ్చుదురు.

సంతలు, ప్రదర్శనలు మరియొక దారి. హైదరాబాదు శిల్పారామమువంటి చోట్ల, స్వయంసహాయక సంఘముల మేళాలలో బల్ల వేసికొని కూర్చున్నవారికి ముఖాముఖి బేరము దొరకును. కాని దినమంతయు ఇల్లు విడిచి ఉండగలుగువారికే అది సాధ్యము. నకలు బాధ అన్నిచోట్లను కలదు. ఒక పిల్ల తామరమొగ్గ ఆకారమున మట్టి లోలాకు చేసి ఫోటో పెట్టినచో, వారము తిరుగకముందే అది మరి పదిచోట్ల పది రూపాయలు తక్కువకు కనబడును. కొత్తగా ఊహించిన ఒంటరి చేతికి ఆచరణలో ఏ రక్షణయు లేదు. ఒక నమూనా పాతబడకముందే మరొకటి ఊహించుకొనుటయే ఆమెకు మిగిలిన దారి.

మట్టి నగల ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. వీటిని చేయువారు మిక్కిలి ఓర్పు గలవారై ఉండవలెను. మెత్తని మట్టిలో తీర్చిన బిళ్లను ఎండలో గాక నీడలో దినముల తరబడి ఆరనీయవలెను. లోపల తడి మిగిలినచో ఆవము సెగకు పగిలి ప్రక్కవాటిని కూడ పగులగొట్టును. గాలి ధారాళముగా ఆడినచో ఎఱ్ఱగాను, ఊకలో పొగ కమ్మునట్లు మూసి కాల్చినచో నల్లగాను తేలును. రంగు పూయుట ఆ తరువాతి సంగతి. నాకు మాత్రము పూయని నల్లనిదే అందముగా తోచును. లోలాకు ఏదైనను, దాని కొక్కెము విషయమున కక్కుర్తి పడరాదు. చవుక కొక్కెములలోని నికెలు ఒంటికి పడని వారి చెవి దురద పెట్టి రసి కారును. మంచి స్టీలు కొక్కెము వాడినచో ఖర్చు నాలుగు రూపాయలు పెరుగును. ఆ నాలుగు రూపాయలను ధరలో కలుపుటకు ఎవరికిని సంకోచము లేదు, సామాను కనుక.

ప్రభుత్వము దృష్టిలో వీరెవరు? అనుకరణ నగలపై 3 శాతము వస్తుసేవల పన్ను కలదు; లక్క గాజులకు, గాజు గాజులకు అదియు లేదు. నమోదు లేని చిన్న అమ్మకందారులు కూడ ఆన్‌లైను అంగళ్ల ద్వారా అమ్ముకొను వెసులుబాటు 2023 అక్టోబరు 1 నుండి వచ్చినది. కాని స్వరాష్ట్రము లోపల మాత్రమే. కనుక బెజవాడ పిల్ల ఆ దారిన గుంటూరునకు గాజులు పంపవచ్చును గాని, తన మేనత్తలందరున్న హైదరాబాదునకు పంపజాలదు. అదే సంవత్సరము సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకములోని పదునెనిమిది వృత్తులలో కంసాలి కలడు, కుమ్మరి కలడు, పూలదండలు కట్టువాడు కలడు. పూసల దండ కట్టు ఆమె ప్రత్యేకముగా లేదు. ఇంటివద్ద పనిచేయువారిని ఇతర కూలివారితో సమానముగా చూడవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక చేసెను. అహమ్మదాబాదులో 1972లో 'సేవ' సంఘమును నెలకొల్పిన ఇలా భట్ దానికై ఎంతయో శ్రమించెను. భారతదేశము దానిని ఇంకను ఆమోదింపలేదు.

ఇంతవరకు డబ్బు మాటే చెప్పితిని; ఎవరును కేవలము డబ్బుకే ఈ పనిలో దిగరు. మొదటి జత తనకై, రెండవది చెల్లెలికై చేసినపుడు ఉండిన ఆనందము వేరు. రాత్రి పిల్లలు పడుకొనిన తరువాత దీపము క్రింద రంగులు పరచుకొని కూర్చుండుట కొందరికి జపమువంటిది. పేరంటమునకు వచ్చువారికి పంచుటకు ఒకే రంగున నలుబది జతలు కావలెనని బేరము వచ్చిన నాడు ఆ జపము లెక్క అగును. పదియవ జతకు చేయి తానే నడచును, ఇరువదియవ జతకు మనస్సు తప్పుకొనును. ఒకావిడ నాతో, అమ్ముట మొదలుపెట్టిన తరువాత తనకై ఒక్క నగయు చేసికొనలేదని చెప్పినది. చేతిపని అన్నంతనే దానిని అమ్మితీరవలెనను నేటి ఉత్సాహము నాకు సమ్మతము కాదు. వాకిట ముగ్గు వేసి, కొలువులో బొమ్మకు పూసల హారము గుచ్చి, అది ఎవరికిని అమ్మకయే తృప్తి పడిన మన అమ్మమ్మలు తక్కువవారు కారు. సరదాకు చేయుదానిని సరదాగానే ఉండనిచ్చుట ఒక పద్ధతి. అమ్మదలచినచో కాలమును కూడ తూకము వేయుట ఇంకొక పద్ధతి. ధర వ్యాపారముదిగాను, లెక్క సరదాదిగాను ఉన్నచోటనే చిక్కు.

నా గడియారపు లెక్క వినిన తరువాత నా మేనకోడలు శ్రావణమాసపు బేరములకు కొత్తగా ఒక చీటి వ్రాసినది. పాత క్యాలెండరు కాగితము వెనుక, వలయములు, దారము, రాళ్లు, డబ్బా, ఆ క్రింద గుండ్రని అక్షరములతో మజూరి, 100 రూపాయలు. దానిని మొదట చూచినది వారి పిన్నిగారు. కళ్లద్దములు సవరించుకొని చదివి, "ఇదేంటే, మన ఇంట్లో మజూరేంటి?" అని అడిగిరి. నా మేనకోడలు నావైపు చూచి, కలము తీసి ఆ పద్దును కొట్టివేసి, గాజులు పొట్లము కట్టి ఆమె చేతికిచ్చినది. తరువాతి చీటి ఎదురింటావిడది. దానిలో ఆ పద్దును అట్లే ఉండనిచ్చి, నూరును యాబదిగా దిద్దినది.